ఉన్నవి నాలుగే: ముందే చేసి పెట్టుకోవాలా, ఆర్డర్ వచ్చాక చేయాలా?

చేతితో చేసిన వస్తువులు ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. షాపులో ఒక్కో రకం రెండో మూడో ఉంటాయి. ఆర్డర్లు బాగా వచ్చే రోజు ఒకటి తగిలితే సాయంత్రానికి అన్నీ అయిపోతాయి. అప్పుడు ఏం చేయాలి? ఆర్డర్ తీసుకుని, చేసి పంపాలా? ‘స్టాక్ లేదు’ అని పెట్టి, పది పన్నెండు తయారయ్యాక ఒకేసారి అమ్మకానికి పెట్టాలా? లేక ఎప్పుడూ కొన్ని చేతిలో ఉండేలా చూసుకోవాలా? నేను హుక్ సూదితో క్రోషే బ్యాగులు అల్లుతాను, సబ్బులు చేస్తాను. ఈ మూడు పద్ధతులూ చేసి చూశాను. మొదట్లో రెండు వస్తువులకూ ఒకే పద్ధతి పెట్టడమే నేను చేసిన పొరపాటు.

నా లెక్కలో అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఒకటుంది. ఆ వస్తువు తయారవడానికి పట్టే సమయంలో మీ చేతులు పనిచేసేది ఎంత? దానంతట అది ఆరుతూనో గట్టిపడుతూనో ఉండేది ఎంత?

నా బ్యాగు ఒకటి అల్లడానికి 9 గంటలు పడుతుంది. ఆ 9 గంటలూ చేతి పనే. అల్లిక ఆపితే బ్యాగు అక్కడే ఆగిపోతుంది. సబ్బు అలా కాదు. నూనెలు, కాస్టిక్ సోడా నీళ్లు కలిపి అచ్చులో పోయడానికి గంటన్నర చాలు, ఒక విడతకు 12 బార్లు వస్తాయి. ఒకటి రెండు రోజులకు కోస్తాను. ఆ తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలు అరల మీద ఆరాల్సిందే. ఆ వారాల్లో నేను చేసే పని ఏమీ లేదు, అలాగని తొందరపెట్టడానికీ లేదు. సరిగా ఆరని సబ్బు మెత్తగా ఉండి త్వరగా కరిగిపోతుంది. నేను ప్రతి విడతలో ఒక బార్‌ను వారానికోసారి తూకం వేస్తాను. ఈమధ్య ఒకటి కోసినప్పుడు 118 గ్రాములుంది, ఐదో వారానికి 106 దగ్గర ఆగింది. బరువు తగ్గడం ఆగాకే అమ్మకానికి పెడతాను. మట్టి కప్పులు చేసేవాళ్లదీ ఇదే పరిస్థితి. కప్పు నెమ్మదిగా ఆరాలి, ఒకసారి కాల్చాలి, గ్లేజ్ (గాజులా మెరిసే పూత) వేసి మళ్లీ కాల్చాలి. ఒక్క కప్పు కోసం ఎవరూ బట్టీ వెలిగించరు.

అందుకే, చేతి పనే ఎక్కువగా ఉన్న వస్తువుకు ఆర్డర్ మీద చేయడం మేలు. ఆరే సమయం ఎక్కువగా ఉన్నదానికి విడతలుగా చేసి పెట్టడం మేలు. మీ వస్తువు ఏ వైపుకు వస్తుందో తేలితే సగం టెన్షన్ తగ్గుతుంది.

ఆర్డర్ మీద చేయడం మీద నాకు మక్కువ ఎక్కువే. డబ్బు ముందే వస్తుంది, ఏ రంగు అమ్ముడుపోతుందో ఊహించనక్కర్లేదు, అమ్ముడుపోని బ్యాగులు అలమరలో పేరుకుపోవు. కానీ దీనిలో ఒక పెద్ద ప్రమాదం ఉంది. స్టాకే అవసరం లేదు కదా అని, షాపు పేజీలో ‘ఎన్ని ఉన్నాయి’ అనే సంఖ్య దగ్గర చాలామంది ఎంత పడితే అంత వేస్తారు. చేతి వస్తువులు అమ్మే ఎట్సీ సైట్‌లో 999 దాకా పెట్టుకోవచ్చు. సొంత ఆన్‌లైన్ షాపు పెట్టుకునే షాపిఫైలో స్టాక్ అయిపోయినా అమ్మకం కొనసాగించే సెట్టింగే ఉంది. నేనూ అలాగే వదిలేశాను. ఒక వారాంతంలో 14 బ్యాగులకు ఆర్డర్లు వచ్చాయి. రెండు వారాల్లో పంపుతానని రాసి ఉంది. 14 బ్యాగులంటే 126 గంటల పని. రోజుకు నాలుగు గంటలకు మించి అల్లితే నా మణికట్టు ఊరుకోదు. ఆ లెక్కన 32 రోజులు పడుతుంది. మూడో వారంలో ఒక కొనుగోలుదారు పంపిన మెసేజ్ నాకింకా గుర్తుంది: ‘పుట్టినరోజు నిన్ననే అయిపోయింది, ఇక వద్దండీ.’ ఆమె డబ్బు తిరిగి ఇచ్చేశాను. కానీ ఆ పుట్టినరోజుకు ఆమె ఖాళీ చేతులతో వెళ్లిందన్న బాధ మాత్రం పోలేదు.

అప్పటి నుంచి ఆర్డర్ మీద చేసే వస్తువుకు కూడా సంఖ్య పెడుతున్నాను. అక్కడ స్టాక్ అంటే నా గంటలు. రెండు వారాల్లో నేను పనిచేసేది 12 రోజులు, రోజుకు నాలుగు గంటలు, మొత్తం 48 గంటలు. దాన్ని తొమ్మిదితో భాగిస్తే 5 వస్తుంది. షాపులో 5 అని పెడతాను. ఐదు ఆర్డర్లు రాగానే లిస్టింగ్ (ఆ వస్తువును అమ్మకానికి పెట్టిన పేజీ) తనంతట తాను మూతపడుతుంది. ఒక బ్యాగు పార్శిల్ అయ్యాకే ఒక సంఖ్య పెంచుతాను. ఈ ఒక్క అలవాటు మిగతా చిట్కాలన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది. పార్శిల్ కట్టడానికి, పోస్టుకు తీసుకెళ్లడానికి పట్టే సమయం కూడా ఈ గంటల్లోంచే పోతుంది. దాన్ని మర్చిపోకండి.

ఇక విడతలుగా పెట్టడం. సబ్బుల వరకు నాకు ఇంతకన్నా మంచి దారి కనిపించలేదు. ఒక తేదీ చెప్పి పన్నెండు పెడితే, ఎదురుచూసేవాళ్లు వచ్చి తీసుకుంటారు. ఇబ్బందల్లా రెండు విడతల మధ్య ఖాళీగా ఉండే రోజులతోనే. కొత్తగా వచ్చినవాళ్లు ఖాళీ షాపు చూసి వెళ్లిపోతారు, మళ్లీ రారు. మొదట్లో నేను మూడు విడతలు ఒకే వారంలో పోసి, అవి అమ్ముడుపోయాక మళ్లీ పోసేదాన్ని. మధ్యలో నెలకు పైగా ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు ప్రతి ఆదివారం ఒక్క విడతే పోస్తాను. అర అంచుకు తేదీ రాసిన కాగితం అతికిస్తాను. ఆరో వారం నుంచి వారానికి ఒక విడత సిద్ధమవుతూ వస్తుంది. ఒక్కో విడతకు పట్టే పని అంతే, షాపు మాత్రం ఖాళీగా ఉండదు.

ఎప్పుడూ కొన్ని చేసి ఉంచుకోవడం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. డబ్బు, దారం ముందే ఇరుక్కుంటాయి. అయినా బాగా పోయే ఒక్క రకంలో రెండు బ్యాగులు మాత్రం సిద్ధంగా పెట్టుకుంటాను. ‘శుక్రవారంలోపు కావాలి’ అనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ముందస్తు బుకింగ్ అన్నది ఆర్డర్ మీద చేయడమే, కాకపోతే తేదీ ఇంకా దూరం. ‘వచ్చాక చెప్పండి’ అని పేరు రాయించుకునే జాబితా ఏ పద్ధతికైనా తోడుగా పెట్టుకోవచ్చు, కానీ అందులో పేరు రాసినవాళ్లందరూ కొంటారని లెక్క వేసుకోకండి.

ఏ పద్ధతి పట్టుకున్నా, ఉన్నది ఒక్కటే పీస్ అయితే దాన్ని రెండు చోట్ల అమ్మకానికి పెట్టకండి. ఒకచోట అమ్ముడుపోయినదాన్ని రెండోచోట తీసేసేలోపు అక్కడా ఆర్డర్ పడుతుంది. ఎవరో ఒకరికి లేదని చెప్పాల్సి వస్తుంది. మూడు, అంతకన్నా ఎక్కువ ఉన్నప్పుడే నేను రెండో చోట పెడతాను. స్టాక్ సున్నా అయిందని లిస్టింగ్‌ను డిలీట్ చేయడం కూడా తప్పు. ఎట్సీలో అమ్ముడైపోయిన వస్తువు సెర్చ్‌లో కనిపించకపోయినా, పాత లింకు పట్టుకుని వచ్చినవాళ్లకు పేజీ కనిపిస్తుంది. తిరిగి సిద్ధమయ్యాక అదే లిస్టింగ్‌ను రెన్యూ చేసుకోవచ్చు. దానికి అయ్యేది 20 సెంట్లు, ఉండేది నాలుగు నెలలు. అలాగే పదింటికి సరిపడా దారం పెట్టుకుని ‘ఒక్కటే మిగిలింది’ అని రాయకండి. మనల్ని నమ్మి కొనేవాళ్లకు అది చేయకూడని పని.

వస్తువుల స్టాక్ గురించి ఇంతగా ఆలోచించేవాళ్లు ముడిసరుకు దగ్గర జారిపోతారు. ఒక ఆకుపచ్చ బ్యాగుకు సంచి భాగం అంతా అల్లేశాక హ్యాండిల్‌కు దారం చాలలేదు. అదే కంపెనీ, అదే రంగు నంబరు చూసి ఒక ఉండ తెప్పించాను. రాత్రి లైటు కింద తేడా తెలియలేదు. పొద్దున్నే కిటికీ దగ్గర పెట్టి చూస్తే హ్యాండిల్ ఒక ఛాయ పసుపుగా ఉంది. లేబుల్ మీద డై లాట్ నంబరు (ఒకేసారి రంగు వేసిన దారానికి ఇచ్చే నంబరు) వేరు. హ్యాండిల్ మొత్తం విప్పేశాను.

ఇప్పుడు దారం లెక్క ఇలా పెట్టుకున్నాను. బ్యాగుకు మూడు ఉండలు, వారానికి రెండు బ్యాగులు, దారం రావడానికి రెండు వారాలు. అంటే 12 ఉండలు. వాటి మీద ఇంకో బ్యాగుకు సరిపడా మూడు. చేతిలో 15 ఉండలు మిగిలాయంటే ఆ రోజే ఆర్డర్ పెడతాను. కొత్త లాట్ వచ్చాక పాతదానితో కలపను. పాత లాట్‌లో మూడు కన్నా తక్కువ ఉండలు మిగిలితే వాటితో చిన్న పర్సులు అల్లుతాను. ప్రస్తుతం షాపులో ఆర్డర్ మీద చేసేవి 3 చూపిస్తోంది. రెండు హుక్ మీద ఉన్నాయి. అవి పార్శిల్ అయితేనే ఆ సంఖ్య మళ్లీ ఐదవుతుంది.