చిన్న మిల్లింగ్ మెషిన్‌కు గాలితో పనిచేసే డ్రాబార్: దీర్ఘకాల వాడకం తరువాత సమీక్ష

ఆర్8 స్పిండిల్ ఉన్న, బల్ల మీద అమర్చుకునే చిన్న మిల్లింగ్ మెషిన్‌కు గాలి ఒత్తిడితో పనిచేసే డ్రాబార్‌ను స్వయంగా తయారు చేసుకుని, కొన్నేళ్లుగా దాదాపు ప్రతి పనిలోనూ వాడుతున్నాను. డ్రాబార్ అంటే పనిముట్టును తిప్పే బోలు ఇరుసు అయిన స్పిండిల్ గుండా పైనుంచి దిగి, పనిముట్టును దాని టేపర్‌లోకి, అంటే శంఖాకారపు రంధ్రంలోకి, పైకి లాగి పట్టే కడ్డీ; ఆర్8 అన్నది ఆ టేపర్ రకం పేరు. ఇంతకాలం వాడిన మీదట గట్టిగా చెప్పగలిగినది ఒకటుంది. సిలిండర్ ఎంత పెద్దదన్న దానికన్నా, అది నెట్టే బలం చివరికి యంత్రంలోని ఏ భాగం మీద పడుతుందన్నదే ఈ అమరిక మంచిచెడ్డలను నిర్ణయిస్తుంది. ఆ ఒక్క విషయాన్ని సరిగా ఆలోచించి కట్టిన డ్రాబార్ స్పిండిల్‌ను చెక్కుచెదరకుండా ఉంచుతుంది. పట్టించుకోకుండా కట్టినది బేరింగులను నెమ్మదిగా తినేస్తుంది.

ఇంత శ్రమ ఎందుకన్నది మిల్లింగ్ చేసేవారికి వేరుగా చెప్పనక్కరలేదు. సెంటర్ డ్రిల్, డ్రిల్, రీమర్, ఎండ్ మిల్ అంటూ ఒకే జాబ్ మీద పనిముట్లను మార్చవలసి వచ్చిన ప్రతిసారీ, ఒక చేత్తో స్పిండిల్‌ను పట్టుకుని, మరో చేత్తో స్పానర్ తిప్పి, పట్టేసిన టేపర్‌ను విడిపించడానికి డ్రాబార్ తల మీద సుత్తితో తట్టవలసి ఉంటుంది. ఇప్పుడు బొత్తాం నొక్కితే పనిముట్టును పట్టి ఉంచే హోల్డర్ చేతిలోకి వస్తుంది.

దీనికి రెండు దారులున్నాయి. మొదటిది, గాలితో తిరిగే చిన్న ఇంపాక్ట్ రెంచిని డ్రాబార్ తలకు పైన అమర్చి, ఒక సిలిండర్ దానిని కిందికి దించి బిగించేలా, విప్పేలా చేయడం. నేను ముందు ఈ పద్ధతినే కొంతకాలం వాడాను. తయారీ సులువు, ఖర్చు తక్కువ, ఆర్8 షాంక్ (పట్టుకునే కాడ) ఉన్న ఏ పనిముట్టునైనా పట్టుకుంటుంది. అయితే థ్రెడ్ విడివడిన తరువాత కూడా టేపర్ పట్టు వదలదు కాబట్టి, డ్రాబార్ పైకి లేవకుండా అడ్డుకునే టోపీ వంటి భాగం స్పిండిల్ పైన ఉండి తీరాలి. అప్పుడే విప్పుతున్న డ్రాబార్ కొల్లెట్‌ను, అంటే షాంక్‌ను చుట్టూ బిగించి పట్టే చీలికల గొట్టాన్ని, కిందికి నెడుతుంది. గాలి ఒత్తిడిని రెగ్యులేటర్‌తో తగ్గించి ఉంచకపోతే బిగింపు అవసరానికి మించిపోయి, 7/16 అంగుళం, అంగుళానికి 20 చుట్లున్న ఆ సన్నని థ్రెడ్ త్వరగా అరుగుతుంది. అన్నిటికీ మించి, బిగింపు ప్రతిసారీ ఒకేలా ఉంటుందన్న నమ్మకం నాకు కుదరలేదు.

రెండవది, ఇప్పుడు నేను వాడుతున్నది, డిస్క్ స్ప్రింగుల (పళ్లెం ఆకారపు గట్టి స్ప్రింగు వాషర్ల) పద్ధతి. ఇందులో పనిముట్టును పట్టుకునేది స్ప్రింగులు, గాలి దానిని విడిపించడానికి మాత్రమే. కాబట్టి కంప్రెసర్ ఆగినా, గొట్టం ఊడినా తిరుగుతున్న పనిముట్టు జారిపోదు. ఈ ఒక్క గుణం కోసమే నేను దీనిని మొదటి పద్ధతి కన్నా పై మెట్టున నిలబెడతాను. స్ప్రింగులను ఒకే ముఖంగా ఒకదాని మీద ఒకటి పేరిస్తే బలం పెరుగుతుంది, ఎదురెదురు ముఖాలుగా పేరిస్తే కదలిక పెరుగుతుంది. ఈ రెండింటినీ కలిపి కావలసిన దొంతరను కట్టుకోవాలి. వంగగలిగినంతలో నాలుగింట మూడు వంతులకు మించి నొక్కని డిస్క్ స్ప్రింగులు చాలాకాలం మన్నుతాయి. నా దొంతర పట్టుకునే స్థితిలో సుమారు 9 కిలోన్యూటన్ల బలాన్ని ఇస్తుంది, పూర్తిగా విడిపించే సమయానికి అది 11 దాకా వెళుతుంది. ఆ థ్రెడ్‌ను స్పానర్‌తో 25 న్యూటన్-మీటర్ల దాకా బిగించినప్పుడు వచ్చే లాగుడు బలం కూడా దాదాపు 11 కిలోన్యూటన్లే కాబట్టి, స్ప్రింగుల పట్టు చేతి బిగింపు కన్నా కొంచెం తక్కువే. కానీ ప్రతిసారీ అంతే ఉంటుంది.

ఆ స్ప్రింగులను నొక్కడానికి 100 మిల్లీమీటర్ల బోరున్న ఒక్క పిస్టన్ సరిపోదు, ఎందుకంటే 6 బార్ ఒత్తిడి వద్ద అది 4.7 కిలోన్యూటన్లే నెట్టగలదు. అందుకని ఒకే కడ్డీ మీద మూడు పిస్టన్లు వరుసగా ఉన్న సిలిండర్‌ను కట్టాను. కడ్డీ ఆక్రమించే స్థలం పోగా 6 బార్ వద్ద సుమారు 13.5 కిలోన్యూటన్లు వస్తాయి, అందులో సీళ్ల రాపిడి కొంత తినేస్తుంది. ఒత్తిడి 5 బార్‌కు పడితే లెక్క ప్రకారం 11.3 మాత్రమే మిగులుతుంది, అంటే కొల్లెట్ అరకొరగా తెరుచుకుంటుంది. కంప్రెసర్ మళ్లీ మొదలయ్యే ఒత్తిడిని 6 బార్‌కు పైన పెట్టుకోవాలనడానికి కారణం ఇదే.

ఇక అసలు విషయానికి వస్తాను. స్ప్రింగుల దొంతర స్పిండిల్ పైకొన మీద కూర్చుని ఉంటుంది. పట్టుకున్న స్థితిలో ఆ బలమంతా స్పిండిల్ లోపలే, డ్రాబార్‌కూ కొల్లెట్‌కూ మధ్య చుట్టుకుని ఉంటుంది కనుక బేరింగులకు దాని సంగతే తెలియదు. విడిపించేటప్పుడు మాత్రం, సిలిండర్‌ను యంత్రం తలకు కదలకుండా బిగించి ఉంటే, నెట్టే బలమంతా స్పిండిల్‌ను కిందికి తోసి బేరింగుల గుండానే తలలోని పోత లోహంలోకి దిగుతుంది. 6206 బేరింగును ఉదాహరణగా తీసుకుంటే, దాని స్థిర భార సామర్థ్యం సుమారు 11 కిలోన్యూటన్లు. అక్షం వెంబడి పడే భారం అందులో సగానికి మించరాదన్నది బేరింగుల తయారీదారులు చెప్పే సాధారణ నియమం. విడిపించే ప్రతిసారీ దానికి రెట్టింపు భారాన్ని ఆ బంతుల మీద వేయడమంటే, గాడిలో కంటికి కనిపించని సొట్టలు పెడుతూ పోవడమే.

దీనికి విరుగుడు తేలియాడే సిలిండర్. సిలిండర్ పలకను నాలుగు గైడ్ పిన్నుల మీద పైకీ కిందికీ జారేలా నిలిపి, దాని కింద గుర్రపునాడా ఆకారపు ఫోర్కును బిగించాను. ఆ ఫోర్కు స్పిండిల్ పైభాగాన ఉన్న కాలర్ కింద ఖాళీగా నిలబడి ఉంటుంది. పిస్టన్ డ్రాబార్‌ను తాకి కిందికి నెట్టగానే సిలిండర్ పైకి లేచి, ఫోర్కు కాలర్‌ను కింది నుంచి పట్టుకుంటుంది. నెట్టుడూ లాగుడూ రెండూ స్పిండిల్ మీదే పడి, ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. గాలి వదలగానే చిన్న స్ప్రింగులు పలకను దాని చోటికి తెస్తాయి, ఫోర్కుకూ కాలర్‌కూ మధ్య ఒక మిల్లీమీటరు ఖాళీ మళ్లీ ఏర్పడుతుంది. తయారీలో ఎక్కువ ఓపికను కోరేది ఈ భాగమే, ఆ ఓపికకు తగిన ఫలమూ ఇందులోనే ఉంది: ఇన్నేళ్ల వాడకం తరువాత కూడా డయల్ గేజ్ పెట్టి చూస్తే స్పిండిల్ ఊగులో నాకు తేడా కనిపించలేదు.

నేను వాడేది చిన్న మిల్లింగ్ యంత్రాలు తయారు చేసే టార్మాక్ సంస్థ ప్రచారంలోకి తెచ్చిన తరహా హోల్డర్లను, అంటే 3/4 అంగుళం నున్నని షాంక్ ఉండి, దాని పై అంచు స్పిండిల్ ముఖానికి ఆనుకునేవాటిని. కొల్లెట్ ఎప్పుడూ స్పిండిల్‌లోనే ఉంటుంది. ఆర్8 టేపర్ కోణం 16 డిగ్రీల 51 నిమిషాలు కాబట్టి డ్రాబార్ ఒక మిల్లీమీటరు దిగితే కొల్లెట్‌కు 0.3 మిల్లీమీటర్ల వ్యాసం మేరకు తెరుచుకునే చోటు దొరుకుతుంది; ఒకటిన్నర మిల్లీమీటర్ల కదలిక ధారాళంగా సరిపోతుంది. పట్టు అంతా రాపిడి మీదే ఆధారపడి ఉంది కనుక షాంక్ మీద నూనె పొర ఉండకూడదు, టేపర్ వెలుపలి ముఖం మీద మాత్రం పలుచని గ్రీజు ఉండాలి. ఈ రెండింటినీ తారుమారు చేస్తే పెద్ద ఎండ్ మిల్ క్లైంబ్ మిల్లింగ్‌లో (కోసే అంచు, జాబ్ ఒకే దిశలో కదిలే కోతలో) మెల్లగా కిందికి దిగుతుంది. అల్యూమినియంలో 12 మిల్లీమీటర్ల ఎండ్ మిల్ వరకు నాకు ఏ ఇబ్బందీ లేదు. ఉక్కులో లోతైన రఫింగుకు (మొదటి మోటు కోతకు) మాత్రం దీనిని సిఫారసు చేయను. ఆర్8 షాంక్‌తోనే వచ్చే ఫేస్ మిల్ (ఉపరితలాన్ని చదును చేసే వెడల్పాటి కట్టర్) పెట్టాలంటే డ్రాబార్‌ను విప్పి మళ్లీ సర్దాలి, అది విసుగు పుట్టించే పని.

స్పిండిల్ తిరుగుతుండగా వాల్వ్ తెరుచుకోకుండా, మోటారు వేగాన్ని నియంత్రించే ఇన్వర్టర్ నుంచి రిలే ద్వారా అడ్డుకట్ట వేయడం తప్పనిసరి. మోటారు ఆగమన్న తరువాత కూడా స్పిండిల్ కొంతసేపు తిరుగుతుంది కాబట్టి, ఆ అడ్డుకట్ట స్పిండిల్ పూర్తిగా ఆగిందన్న సంకేతం మీద పనిచేయాలి. గాలి వెళ్లే రంధ్రానికి సైలెన్సర్ పెట్టకపోతే ఆ చప్పుడు చెవులకు భరించరానిది.

నిర్వహణ పెద్దగా ఏమీ లేదు. స్ప్రింగుల మధ్య మాలిబ్డినం గ్రీజు ఆరిపోతే విడిపించడం బరువెక్కుతుంది. అప్పుడు దొంతరను విప్పి, ఒక్కొక్క స్ప్రింగు లోపలి అంచున పగులు ఉందేమో వెలుతురులో చూసి, దొంతర స్వేచ్ఛగా ఉన్నప్పటి ఎత్తును కొలిచి రాసుకుంటాను. పిస్టన్ కొనకూ డ్రాబార్ తలకూ మధ్య పెట్టిన ఇత్తడి బిళ్ల అరుగుతుంది, దానిని మార్చాలి. మోర్స్ 3 (ఆర్8 కన్నా సన్నగా వాలే మరో రకం టేపర్) స్పిండిల్ ఉన్నవారు మాత్రం ఈ స్ప్రింగుల పద్ధతి జోలికి పోకుండా ఇంపాక్ట్ రెంచి పద్ధతినే ఎంచుకోవాలి, ఎందుకంటే మూడు డిగ్రీలకు కూడా చేరని ఆ టేపర్ ఒకసారి బిగుసుకుంటే ఒకటిన్నర మిల్లీమీటర్ల కదలికతో మెత్తగా వదిలే రకం కాదు.