ఎనిమిదేళ్లుగా వాడుతున్న డీవీడీ రైటర్: రాత ఎందుకు నెమ్మదించిందంటే

ఈ రైటర్‌ని మా డెస్క్‌టాప్‌కి బిగించి ఎనిమిదేళ్లు దాటింది. కొత్తలో 16ఎక్స్ వేగంతో నిండు డిస్క్ ఆరు నిమిషాల్లో బయటికొచ్చేది. మూడో ఏడాదికి అదే డిస్క్‌కి అరగంట పైనే పట్టసాగింది. రాస్తున్నంతసేపూ మౌస్ కూడా ఆగి ఆగి కదిలేది. పిల్లల చిన్ననాటి వీడియోలన్నీ డిస్కుల్లోకి ఎక్కించే పని సగంలో ఉంది, మధ్యలో ఏ డిస్క్ పాడవుతుందోనని ఒకటే టెన్షన్. డ్రైవ్ అరిగిపోయింది, మార్చేద్దామని ఇంట్లో అందరూ అన్నారు. మార్చకపోవడమే మంచిదైంది, తప్పు దానిది కాదు.

డీవీడీకి 1ఎక్స్ అంటే సెకనుకు దాదాపు 1.385 మెగాబైట్లు. సీడీకైతే 150 కిలోబైట్లే. అంటే 16ఎక్స్‌లో రాయాలంటే సెకనుకు 22 మెగాబైట్ల డేటా రైటర్‌కి ఆగకుండా అందాలి. హార్డ్ డిస్క్ నుంచి రైటర్ దాకా ఎక్కడ అడ్డు పడినా వేగం పడిపోతుంది. బఫర్, అంటే రాయాల్సిన డేటా కాసేపు ఆగి ఉండే తాత్కాలిక మెమరీ, ఖాళీ అయినా డిస్క్ పాడవకుండా కాపాడే ఏర్పాటు డ్రైవ్‌లో ఉంది కాబట్టి, రాత ఆగి మళ్లీ మొదలవుతుంది. మనకు మాత్రం ఆలస్యమే కనిపిస్తుంది.

అడ్డు ఎక్కడుందో నాకు చూపించింది డిస్కులు రాసే ప్రోగ్రామ్ ఇమ్‌జీబర్న్. రాసేటప్పుడు అందులో రెండు బఫర్ పట్టీలు కనిపిస్తాయి. ఒకటి ప్రోగ్రామ్‌ది, రెండోది రైటర్‌ది. మొదటిది ఖాళీ అవుతుంటే హార్డ్ డిస్క్ వైపు చూడాలి: వేలకొద్దీ చిన్న ఫైళ్లో, ముక్కలైపోయిన పెద్ద ఫైళ్లో, పక్కన నడుస్తున్న యాంటీవైరస్ స్కానో. అలాంటప్పుడు ముందు ఐఎస్ఓ ఫైల్ (డిస్క్‌లోకి వెళ్లాల్సిందంతా ఒకే ఫైల్‌గా) తయారుచేసుకుని, దాన్ని రాయడం మేలు. నా విషయంలో మొదటిది నిండుగానే ఉంది, రెండోదే పదేపదే ఖాళీ అయ్యేది. డేటా సిద్ధంగా ఉన్నా రైటర్‌కి చేరడం లేదన్నమాట.

అప్పుడు మాది విండోస్ ఎక్స్‌పీ. డివైస్ మేనేజర్‌లో రైటర్ తగిలించి ఉన్న సెకండరీ ఐడీఈ ఛానల్ తెరిచి చూస్తే, ప్రాసెసర్‌కి భారం లేకుండా డేటా నేరుగా కదిలే అల్ట్రా డీఎంఏ మోడ్ ఉండాల్సిన చోట పీఐఓ అని ఉంది. ఆ మోడ్‌లో ప్రతి ముక్కనూ ప్రాసెసరే దగ్గరుండి మోయాలి. మౌస్ ఎందుకు తడబడిందో అప్పుడు అర్థమైంది. డేటా బదిలీలో లోపాలు మళ్లీ మళ్లీ వస్తే ఎక్స్‌పీ తనంతట తానే మెట్టు మెట్టుగా కిందికి దిగి, చివరికి పీఐఓలో ఆగుతుంది. ఛానల్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేస్తే మళ్లీ డీఎంఏ వచ్చింది, ఆరు నిమిషాల రాత తిరిగొచ్చింది.

రెండు వారాల్లో మళ్లీ పీఐఓ! మోడ్ మార్చడంతో సరిపోదు, లోపాలు ఎందుకొస్తున్నాయో చూడాలని అప్పుడు తట్టింది. క్యాబినెట్ తెరిస్తే రైటర్‌ని మదర్‌బోర్డుకి కలిపే 40 తీగల పాత కేబుల్ మూలలో గట్టిగా మడతపడి ఉంది. దాని స్థానంలో 80 తీగల కేబుల్ వేశాను. ఆ తర్వాత ఒక్కసారి కూడా పీఐఓకి దిగలేదు. వేగం తగ్గితే డ్రైవ్‌ని తిట్టుకునే ముందు ఆ కేబుల్ ఒక్కసారి చూడండి, దయచేసి.

ఒక రకం డిస్కులు మాత్రం 4ఎక్స్ దాటేవి కావు. ఏ డిస్క్‌ని ఎలా రాయాలో డ్రైవ్ ఫర్మ్‌వేర్‌లో (డ్రైవ్ లోపలే ఉండే దాని సొంత సాఫ్ట్‌వేర్‌లో) ఉంటుంది, తెలియని డిస్క్ కనిపిస్తే జాగ్రత్తగా నెమ్మదిగా రాస్తుంది. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేశాక అవే డిస్కులని 12ఎక్స్‌లో రాసింది. ఇంకో మాట, 16ఎక్స్ అన్నది డిస్క్ అంచుకు చేరాకే వస్తుంది. లోపలి వైపు 6ఎక్స్, 7ఎక్స్ దగ్గర మొదలైతే కంగారు పడకండి. వెరిఫై (రాసింది సరిగా ఉందో లేదో మళ్లీ చదివి చూడడం) పెట్టి ఉంటే అదనపు సమయం తప్పదు, కానీ దాచుకునే డిస్కులకు నేను అది తీసేయను.

డ్రైవ్ మీద నాకున్న ఫిర్యాదులు రెండే. 16ఎక్స్‌లో చప్పుడు బాగా ఎక్కువ, అందుకే రాత్రిపూట 8ఎక్స్‌లో రాస్తాను, రెండు మూడు నిమిషాలే తేడా. ఈ మధ్య ట్రే కూడా రెండోసారి నొక్కితేగానీ తెరుచుకోవడం లేదు. రాత మాత్రం ఇప్పటికీ ఆరు నిమిషాలే.