నాలుగో నిమిషంలో ఆగిపోయే గ్యాస్ గీజర్: ఐదేళ్ళు వాడాక

2020 డిసెంబరులో కొన్న ఆరు లీటర్ల గ్యాస్ గీజర్ ఇది. కొన్న నెలకే మా చెల్లెళ్ళకు, కాలనీలో అడిగిన ప్రతి ఒక్కరికీ "కళ్ళు మూసుకుని కొనేయండి" అని చెప్పాను. ఆ మాటను ఇప్పుడు కొంత సవరించుకోవాలి. ముఖ్యంగా ఆ "కళ్ళు మూసుకుని" అన్నదాన్ని.

నీళ్ళు ఎంతసేపట్లో కాగుతాయి, బటన్లు ఎలా తిప్పాలి, ఇవన్నీ డబ్బా మీదే ఉంటాయి కాబట్టి వదిలేస్తున్నాను. నేను చెప్పదలచుకున్నది దీనిలో ఉన్న ఒకే ఒక్క ఏర్పాటు గురించి. మంట సరిగ్గా లేకపోతే గ్యాస్‌ని తనంతట తానే కట్టేయడం. ఒక చలికాలంలో ఐదారు రోజుల పాటు దాన్ని రోజూ తిట్టుకున్నాను. ఇవాళ ఈ గీజర్‌లో నాకు అన్నిటికంటే విలువైనది అదే.

మొదటి మూడేళ్ళూ ఏ ఇబ్బందీ లేదు. 2021 నవంబరులో తిరుపతిని వరద ముంచెత్తినప్పుడు మా వీధిలో రెండు రోజులు కరెంటు లేదు. ఇందులో నిప్పురవ్వ పుట్టేది రెండు పెద్ద టార్చిలైటు సెల్లులతోనే. ట్యాంకులో నీళ్ళున్నంత వరకు వేడినీళ్ళు వస్తూనే ఉన్నాయి. పక్కింట్లో పదిహేను రోజుల బాలింత ఉంటే బిందెలు నింపి గోడ మీదుగా అందించాం. అప్పటి నుంచే నాకు దీని మీద అంత ప్రేమ.

తర్వాత 2023 డిసెంబరు మొదట్లో మిగ్‌జాం తుపాను వచ్చింది. మా గీజర్ ఉండేది బాత్‌రూంలో కాదు, దాని వెనక బట్టలు ఉతుక్కునే యుటిలిటీలో. అక్కడ ఒకవైపు అంతా ఖాళీగా ఉండేది. జల్లు కొట్టి వాషింగ్ మెషీన్ సగం తడిసిపోయింది. తుపాను తగ్గిన వారానికే మనిషిని పిలిపించి ఆ ఖాళీకి అల్యూమినియం ఫ్రేములో స్లైడింగ్ అద్దాలు పెట్టించాం. దోమలు కూడా తగ్గుతాయి, బాగుంటుంది అనుకున్నాం.

ఇంకో వారానికి ధనుర్మాసం వచ్చింది. మా అత్తయ్య ఆ నెలంతా తెల్లవారుజామున నాలుగింటికే లేస్తుంది. టీవీలో తిరుప్పావై మొదలయ్యేలోపు స్నానం, దీపం రెండూ అయిపోవాలి. రెండో రోజో మూడో రోజో బాత్‌రూంలోంచి కేక వేసింది. "అమ్మాయ్, మళ్ళా సన్నీళ్ళే వస్తా ఉండాయి!"

వెళ్ళి చూస్తే మంట ఆరిపోయి ఉంది. కొళాయి కట్టేసి తిప్పితే టిక్ టిక్ టిక్ అని, భగ్గుమని వెలిగింది. మళ్ళీ మూడు నాలుగు నిమిషాలకి ఆరిపోయింది. ఏడింటికి నేను స్నానం చేస్తే మాత్రం ఒక్కసారి కూడా ఆగలేదు. మా ఆయన చేసినా ఆగలేదు. అత్తయ్య చేస్తేనే ఆగుతోంది. పెద్దావిడ కొళాయి సన్నగా తిప్పుకుంటుందేమో అనుకున్నాం. నీటి ధార ఒక మట్టం కంటే తగ్గితే గీజర్ ఆగిపోతుందని తెలుసు కదా. అలాగే ఆమెకి చెప్పాం కూడా. ఆమె ధార నిండుగా తిప్పినా ఆగింది.

సెల్లులు మార్చాం. నీళ్ళు లోపలికి వెళ్ళే చోట ఉండే జాలీ విప్పాను. తిరుపతిలో బోరు నీళ్ళు వాడే ఇంట్లో కొళాయిల మూతుల చుట్టూ తెల్లగా పేరుకునే సున్నం సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆ జాలీలో ఆవగింజలంత సున్నపు పలుకులు గుప్పెడు వచ్చాయి. కడిగి పెట్టాక ధార బాగా పెరిగింది. హమ్మయ్య, దొరికింది అనుకున్నాను. మర్నాడు తెల్లారి నాలుగుంబావుకి మళ్ళీ అదే కేక.

వైకుంఠ ఏకాదశి ఆ ఏడు డిసెంబరు 23న వచ్చింది. ఆ పొద్దు అత్తయ్య సగం స్నానంలో ఆగిపోయి, మిగతా సగం చన్నీళ్ళతో ముగించి బయటికొచ్చి, తలుపు పట్టుకుని నిలబడిపోయింది. తల తిరుగుతోందంది. ఉపవాసం, పైగా బీపీ ఉంది, అందుకేలే అనుకుని కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాం. ఆ మాట అంతకు ముందు కూడా ఒకటి రెండుసార్లు అంది. నేను పట్టించుకోలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా నాకు బాధగానే ఉంది.

ఆ మధ్యాహ్నమే సర్వీసు కుర్రాడు వచ్చాడు. మూత విప్పాడు, రెండు మూడుసార్లు వెలిగించి చూశాడు. అద్దాలు పూర్తిగా తీసి ఉన్నాయి, ఒక్కసారి కూడా ఆగలేదు. "సెన్సర్ ఓవర్‌గా పనిచేస్తోంది మేడం. దాన్ని తప్పించి డైరెక్ట్ ఇచ్చేస్తా. ఇంక జన్మలో ఆగదు" అన్నాడు. మూడు వందల యాభై అడిగాడు. నేను నిజంగా ఒప్పుకునేదాన్నే. పండగ పూట, పెద్దావిడ చన్నీళ్ళు, నాకు అంత విసుగ్గా ఉంది. మా ఆయన ఇంట్లో లేరు కనుక సాయంత్రం ఫోన్ చేస్తానని పంపేశాను. అంతే తప్ప అందులో నా తెలివి ఏమీ లేదు.

సాయంత్రం మా ఆయన, గాంధీ రోడ్డు వెనక సందులో స్టవ్‌లు బాగుచేసే పెద్దాయన్ని తీసుకొచ్చారు. అరవై దాటిన మనిషి. స్క్రూడ్రైవర్ తియ్యకముందే అడిగాడు. "ఎన్ని నిమిషాలకి ఆరిపోతా ఉందమ్మా?"

మూడు నాలుగు నిమిషాలకి అన్నాను.

"అసలు టిక్ టిక్ అనకపోతే సెల్లులో, నీళ్ళ ధారో చూసుకోవాల. టిక్కుమని మంట రాకపోతే గ్యాస్ రాలేదని. వెలిగి రెండు సెకండ్లకే ఆరితే మంటని చూసే కడ్డీకి మసో సున్నమో పట్టినట్టు. బాగా వెలిగి నాలుగైదు నిమిషాలకి ఆరితే, వేడన్నా ఎక్కువైండాల, గాలన్నా చాలకుండాల. మీయమ్మ స్నానం చేసేటప్పుడు ఈ అద్దాలు తీసి ఉంటాయా, మూసి ఉంటాయా?"

వంటింటి గుమ్మంలోంచి అత్తయ్యే జవాబు చెప్పింది. "సలి కదా నాయనా, మూసే పోతాను."

అంతే. ఏడింటికి మేం లేచేసరికి పనిమనిషి ఆ అద్దాలు తీసేసి ఉంటుంది, అందుకే మా స్నానాలకి ఏ గొడవా లేదు.

ఆయన అద్దాలు, తలుపు మూయించి, బాత్‌రూంలో కొళాయి తిప్పించి, గీజర్ ముందు నిలబడ్డాడు. నన్నూ చూడమన్నాడు. చిన్న కిటికీలోంచి మంట మొదట వరుసగా, కుదురుగా, నీలంగా ఉంది. రెండు నిమిషాలయ్యాక కొసల్లో పసుపు రంగు. ఆ తర్వాత మంటలు పొడవై, బర్నర్ నుంచి పైకి లేస్తూ, ఊగుతూ, దీపం వత్తి గాలికి కొట్టుకున్నట్టు కొట్టుకున్నాయి. టక్ మని ఆగిపోయింది. చేతి గడియారం చూసుకుని "నాలుగు నిమిషాలు" అన్నాడు. అద్దం బారెడు జరిపి కాసేపాగి మళ్ళీ వెలిగిస్తే నీలం మంట అలాగే నిలబడింది.

తనకు కావాల్సినంత గాలి లేక మంట కుదురు తప్పి, ఆ కడ్డీకి దూరమైంది. ఆ కుర్రాడు తప్పిస్తానన్న సెన్సర్ ఈ కడ్డీయే. దీనికి మంట తగలకపోతే గీజర్ గ్యాస్ కట్టేస్తుంది. అంటే ఇన్ని రోజులుగా అది పాడవ్వలేదు, తన పని తాను చేస్తోంది. నాకు ఒళ్ళు ఝల్లుమన్నది మాత్రం తర్వాతి మాటకి. మా బాత్‌రూం వెంటిలేటర్ ఆ యుటిలిటీలోకే తెరుచుకుంటుంది. గాలి చాలక మండిన గ్యాస్ నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. సిలిండర్ లీకైతే మనకు తెలియాలని గ్యాస్‌లో ఇథైల్ మెర్కాప్టాన్ కలుపుతారు, ఆ కుళ్ళు వాసనకే మనం ఉలిక్కిపడతాం. ఈ కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, రంగు లేదు. మన రక్తంలో హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా దీన్నే పట్టుకుంటుంది. తలనొప్పి, తల తిరగడం, ఆ తర్వాత స్పృహ తప్పడం. అత్తయ్య తల తిరగడం దీనివల్లేనని నేను రుజువు చెయ్యలేను, బీపీ, ఉపవాసం రెండూ నిజమే. అద్దం తీయించాక మాత్రం ఆమె మళ్ళీ ఆ మాట అనలేదు. ఆ సెన్సర్ తప్పించి డైరెక్ట్ ఇచ్చేసి ఉంటే మంట ఆగేది కాదు, నాలుగున్నరకి మేమంతా నిద్రలో ఉండేవాళ్ళం.

ఆయన మూత విప్పి చూపించాడు. పైన నీళ్ళు కాగే రాగి పలకల మధ్య మసి, దువ్వెనలో మురికి పట్టినట్టు పట్టింది. అది పట్టే కొద్దీ పొగ పైకి పోవడం ఇంకా తగ్గుతుందట. పాత పళ్ళ బ్రష్షుతో, నీళ్ళతో కడిగాడు. కడ్డీని సన్న ఉప్పు కాగితంతో రెండుసార్లు తుడిచాడు. ఒక అద్దం పూర్తిగా పీకించి అక్కడ దోమల జాలీ వేయించాం. వెంటిలేటర్‌ని లోపలి నుంచి మూసేసి, బయటి గోడకి కొత్తది కొట్టించాం. మొత్తం నాలుగు వేల చిల్లర అయింది.

ఇక ఇప్పటి నా అభిప్రాయం. అప్పట్లో సిలిండర్ రెండు నెలలు వస్తుందని అందరికీ చెప్పేదాన్ని. నలుగురం చలికాలంలో రోజూ వాడితే నెల దాటి నాలుగైదు రోజులు, అంతే. జాలీ ఆరు నెలలకోసారి కడగాల్సిందే, మన బోరు నీళ్ళకి మూడు నెలలైనా ఎక్కువే. మాకు మేడ మీద ట్యాంకు ఎత్తులో ఉంది, యుటిలిటీకి బయటి గాలి ఉంది, ఒకరి తర్వాత ఒకరం స్నానాలు చేసేవాళ్ళం. ఇలాంటి ఇంటికి ఇది ఇప్పటికీ మంచిదే అంటాను. కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు, దాని దగ్గర ఐఎస్ 15558 అన్న నంబరు ఉందో లేదో చూసుకోండి. గీజర్ పెట్టడానికి బాత్‌రూం తప్ప వేరే చోటు లేని ఫ్లాటులో ఉంటే మాత్రం నన్ను అడగొద్దు. మా చిన్న చెల్లెలిది అలాంటి ఫ్లాటే. నా మాట మీదే కొనుక్కుంది. నేనే వెళ్ళి తీయించి కరెంటు గీజర్ పెట్టించి వచ్చాను.

పీకించిన అద్దం మేడ మీద ట్యాంకు పక్కన గోడకి ఆనించి ఉంది. వానలప్పుడు వాషింగ్ మెషీన్ మీద టార్పాలిన్ కప్పుతున్నాం. ధనుర్మాసంలో నాలుగింటికి అత్తయ్యతో పాటు నేనూ లేచి, ఆమె స్నానం అయ్యేదాకా ఆ నీలం మంట ముందు నిలబడుతున్నాను.