వియత్నాంకి మొదటిసారి: హనోయా, సైగానా, హోయ్ ఆనా?

మనవాళ్లు వియత్నాంకి ప్లాన్ వేసేటప్పుడు ఏడు రోజుల్లోనే హనోయ్, హాలాంగ్, డానాంగ్, సైగాన్ అన్నీ కుక్కేస్తారు. ఆ దేశం అడ్డంగా సన్నం, నిలువునా మహా పొడవు. హనోయ్ నుంచి సైగాన్‌కి రైలు దారి 1,726 కిలోమీటర్లు, రైలెక్కితే ముప్పై గంటలకు పైమాటే. విమానంలో రెండు గంటల్లో దిగుతారు నిజమే. కానీ హోటల్ ఖాళీ చేయడం, విమానాశ్రయంలో పడిగాపులు, మళ్లీ ఇంకో హోటల్ వెతుక్కోవడం కలిపితే ఊరు మారిన ప్రతిసారీ సగం రోజు పోతుంది. అందుకే వారం రోజులే ఉంటే ఒక్క ప్రాంతమే ఎంచుకోమంటాను. ఉత్తరాన హనోయ్, నడుమ డానాంగ్-హోయ్ ఆన్, దక్షిణాన సైగాన్. 1976లో పేరు హో చి మిన్ సిటీగా మారినా అక్కడివాళ్లు ఇప్పటికీ సైగాన్ అనే అంటారు.

వియత్నాం ఎలాంటి దేశమో తెలుసుకోవాలనుకునేవాళ్లకి నా ఓటు హనోయ్‌కే. 1010లో లీ వంశపు రాజు రాజధానిని ఇక్కడికి మార్చాడు. ఆ వయసు ఊళ్లో ఇంకా కనిపిస్తుంది. హోవాన్ కీమ్ సరస్సుకి ఉత్తరాన ఉన్న పాత బస్తీలో చాలా వీధుల పేర్లు ఒకప్పటి సరుకుల పేర్లే. హాంగ్ బాక్ అంటే వెండి వీధి. హాంగ్ మా వీధిలో ఈనాటికీ పితృదేవతల కోసం కాల్చే కాగితపు వస్తువులు అమ్ముతారు. కాగితపు డబ్బు, కాగితపు బట్టలు, కాగితపు ఇళ్లు కూడా ఉంటాయి. చనిపోయిన పెద్దలకు ఏ లోటూ రాకూడదని కొంటారు. దాదాపు ప్రతి ఇంట్లో, చాలా దుకాణాల్లో పెద్దల పేరిట ఒక పీఠం, దానిమీద అగరొత్తులు, పళ్లు ఉంటాయి. ఈ ఒక్క సంగతి మనసుకి పడితే ఆ దేశం సగం అర్థమైనట్టే.

సాహిత్య దేవాలయాన్ని మాత్రం హడావిడిగా చూడకండి. 1070లో కన్‌ఫ్యూషియస్ పేర కట్టినది. లోపల రాతి తాబేళ్ల వీపుల మీద 82 శిలాఫలకాలు నిలబడి ఉంటాయి. 1442 నుంచి 1779 దాకా రాజ పరీక్షల్లో నెగ్గినవాళ్ల పేర్లు వాటిమీద చెక్కి ఉన్నాయి. పరీక్షల ముందు పిల్లలొచ్చి తాబేలు తల నిమిరి వెళ్లేవాళ్లు. అలా నిమిరి నిమిరి తలలు నున్నబడిపోతుంటే ఇప్పుడు చుట్టూ కంచె వేశారు. చదువుకి అంత విలువిచ్చే మన ఇళ్లవాళ్లకి ఈ చోటు గురించి వేరే చెప్పక్కర్లేదు.

హనోయ్‌లో దిగితే సముద్రంలో సున్నపురాతి కొండలు నిలబడి ఉండే హాలాంగ్ బే వెళ్లి తీరాలా? పడవలోనే రాత్రి ఉండేలా అయితే వెళ్లండి. ఉదయం వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే టూర్ వద్దు. రానూపోనూ ఐదారు గంటలు బస్సులోనే గడిచిపోతాయి. ఒక్కరోజే చేతిలో ఉంటే నిన్ బిన్ మేలు. రెండు గంటల దారి. అవే సున్నపురాతి కొండలు, కాకపోతే సముద్రంలో కాకుండా వరిపొలాల మధ్య. తామ్ కోక్‌లో పడవ నడిపేవాళ్లు వెనక్కి ఆనుకుని కూర్చుని కాళ్లతో తెడ్లు వేస్తారు. గుహల కింద నుంచి పడవ పోతుంటే చప్పుడంతా ఆ తెడ్లదే.

హనోయ్‌లో ఇబ్బందులు లేకపోలేదు. పాత బస్తీలో ఫుట్‌పాత్ అంతా స్కూటర్లు, బుల్లి ప్లాస్టిక్ స్టూళ్లే. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలకి అక్కడ కూర్చోవడమూ కష్టమే, నడవడమూ కష్టమే. బండ్లు కుడివైపున నడుస్తాయి కాబట్టి ముందు ఎడమకి చూడాలి. రోడ్డు దాటేటప్పుడు పరుగెత్తకూడదు, మధ్యలో ఆగకూడదు, వెనక్కి అసలే తగ్గకూడదు. నెమ్మదిగా ఒకే వేగంతో నడిస్తే బండ్లే మిమ్మల్ని తప్పించుకుని పోతాయి. ఈ సూత్రం సైగాన్‌లోనూ అంతే.

ఇక సైగాన్. ఇది వ్యాపారం చేసే ఊరు, రాత్రి పొద్దుపోయేదాకా మేలుకునే ఊరు. యుద్ధ చరిత్ర మీద ఆసక్తి ఉంటే దీనికి సాటిలేదు. 1975 ఏప్రిల్ 30న ఉత్తర వియత్నాం ట్యాంకులు గేటు బద్దలుకొట్టుకుని వచ్చిన స్వాతంత్ర్య భవనంలో ఆనాటి గదులు, నేలమాళిగలోని రేడియో యంత్రాలు అలాగే ఉంచారు. యుద్ధ అవశేషాల మ్యూజియంలో అమెరికా సైన్యం చల్లిన ఏజెంట్ ఆరెంజ్ అనే విష రసాయనం బాధితుల ఫొటోలు చూసి తట్టుకోవడం పెద్దవాళ్లకే కష్టం, చిన్నపిల్లల్ని ఆ గదుల్లోకి తీసుకెళ్లకండి. యుద్ధకాలంలో గెరిల్లాలు దాక్కున్న కూచీ సొరంగాలకి ఒక పూట, మెకాంగ్ డెల్టాకి ఒక రోజు చాలు. బెన్ థాన్ మార్కెట్‌కి దగ్గర్లోనే తమిళులు కట్టుకున్న మారియమ్మన్ కోవెల ఉంది. ఇప్పుడక్కడ అగరొత్తులు పట్టుకుని మొక్కేవాళ్లలో ఎక్కువమంది వియత్నామీయులే. కానీ చూడాల్సినవి చూశాక సైగాన్‌లో మిగిలేది ఒక పెద్ద నగరం. మొదటి ప్రయాణం మొత్తం దానికే ఇవ్వమని నేను చెప్పలేను.

పెద్దవాళ్లు, పిల్లలు కలిసి వెళ్తుంటే మాత్రం నడుమ ప్రాంతమే సుఖం. డానాంగ్‌లో దిగితే హోయ్ ఆన్ ముప్పై కిలోమీటర్లు. ఒకప్పుడు జపాన్, చైనా ఓడలు ఆగిన రేవు ఇది. నది పూడిపోయి వ్యాపారం డానాంగ్‌కి తరలిపోవడంతో పాత ఇళ్లు కూలగొట్టాల్సిన పని పడలేదు, అలా మిగిలిపోయాయి. పసుపు గోడలు, లాంతర్లు, కార్లు రాని వీధులు. ముసలివాళ్లు కూడా హాయిగా నడవగలరు.

దగ్గర్లోనే మీ సోన్ అనే పాత హిందూ గుళ్ల చోటు ఉంది. బా నా కొండల మీది రాతి చేతుల్లా కనిపించే చేతుల వంతెన కోసం ఒక రోజు పెట్టి దీన్ని వదిలేసేవాళ్లని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. నాలుగో శతాబ్దంలో ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన చంపా రాజ్యపు రాజు భద్రవర్మ ఇక్కడ శివుణ్ణి ప్రతిష్ఠించాడు. స్వామి పేరు భద్రేశ్వరుడు. శాసనాలు సంస్కృతంలో, దక్షిణ భారత లిపుల నుంచి పుట్టిన లిపిలో ఉన్నాయి. ఇటుకల మధ్య సున్నం కనిపించదు. అన్నిటికంటే పెద్ద గుడి 1969లో అమెరికా బాంబులకి కూలింది, ఆ గుంటలు ఇప్పటికీ ఉన్నాయి. కొన్ని గుళ్లను మన పురావస్తు శాఖవాళ్లే బాగుచేశారు. 2020లో ఆ పనిలోనే ఏకశిలా శివలింగం బయటపడింది. ఎండెక్కక ముందే, పొద్దున్నే వెళ్లండి.

తిండి సంగతి. మాంసం తినేవాళ్లకి మూడూ స్వర్గమే. ఫో అంటే నూడుల్స్ సూప్. హనోయ్ ఫోలో రసం తేటగా ఉంటుంది, సైగాన్‌లో కాస్త తియ్యగా, పక్కన పళ్లెం నిండా పచ్చి ఆకులతో ఇస్తారు. కాఫీకి హనోయ్‌లో గుడ్డు సొన గిలక్కొట్టి పోసినది, సైగాన్‌లో ఐస్, చిక్కటి తీపి పాలు కలిపినది తాగాలి. శాకాహారులకి చిక్కంతా చేపల సాస్‌తోనే. కూరగాయల వంటకంలోనూ వేసేస్తారు. బోర్డు మీద 'చాయ్' (Chay, మన టీ కాదు) అని రాసిన హోటళ్లు బౌద్ధుల శాకాహారపువి, అక్కడ నిశ్చింతగా తినొచ్చు. చాంద్రమాన నెలలో మొదటి రోజు, పదిహేనో రోజు చాలామంది మాంసం మానేస్తారు కాబట్టి ఆ రోజుల్లో ఇంకా సులువు. ఇలాంటి హోటళ్లు సైగాన్‌లో ఎక్కువ.

ఈ-వీసా ముందే తీసుకోవాలి, ఒక్కసారి ప్రవేశానికి 25 డాలర్లు. మన రూపాయికి సుమారు 300 డాంగ్‌లు వస్తాయి. ధరలో మూడు సున్నాలు తీసేసి మూడున్నరతో గుణిస్తే రూపాయల్లో దాదాపు ఎంతో తెలిసిపోతుంది. ఇరవై వేల నోటు, ఐదు లక్షల నోటు రెండూ నీలమే, ఇచ్చేముందు అంకె చూసుకోండి. గుళ్లకి భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోవాలి. పెద్దవాళ్లకి ఏదైనా ఇచ్చేటప్పుడు రెండు చేతులతో ఇవ్వాలి.

చివరికి తేల్చేది మీ సెలవులే. దసరాకి వెళ్తే హోయ్ ఆన్‌ని మర్చిపోండి, అక్టోబర్, నవంబర్ నెలల్లో అక్కడ నది వీధుల్లోకి వచ్చేస్తుంది. అప్పుడు హనోయ్‌లో వాతావరణం బ్రహ్మాండంగా ఉంటుంది. పిల్లల వేసవి సెలవులైతే డానాంగ్ సముద్రం, హోయ్ ఆన్. సంక్రాంతికైతే హనోయ్‌లో చలి, మబ్బు. చలి గిట్టనివాళ్లకి సైగాన్ మేలు, వాన భయం ఉండదు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో టికెట్ కొనేముందు తేత్ పండుగ ఎప్పుడో చూసుకోండి. వాళ్ల కొత్త సంవత్సరం అది. అందరూ సొంతూళ్లకి పోతారు, కొన్ని రోజులు దుకాణాలు మూతపడతాయి, రైళ్లలో, విమానాల్లో సీటు దొరకదు.