కారు ఇంజిన్ పెట్టిన గార్డెన్ ట్రాక్టర్ కొనబోతున్నారా? డబ్బు ఇచ్చే ముందు ఇది చదవండి

ఒహాయో చుట్టుపక్కల ఊరి బయట రెండు మూడెకరాలతో ఇల్లు కొనుక్కున్న మనవాళ్ల కోసం రాస్తున్నాను. గడ్డి కోయడానికి, తోట దున్నడానికి సెకండ్ హ్యాండ్ ట్రాక్టర్ వెతుకుతుంటే "కారు ఇంజిన్ వేసినది, 55 హార్స్‌పవర్" అన్న ప్రకటనలు మీకూ కనపడే ఉంటాయి. ఏప్రిల్‌లో నేను అలాంటిది 4,200 డాలర్లకు కొన్నాను. జూన్ నెలాఖరుకి బ్లేడ్లు ఊడదీసి షెడ్డులో పెట్టేశాను.

అసలు బండి 1960ల నాటి కబ్ కేడెట్ కంపెనీ గార్డెన్ ట్రాక్టర్. బండికి వంక పెట్టడానికి లేదు. ఫ్యాక్టరీలో దానికి పెట్టింది 12 హార్స్‌పవర్ కోహ్లర్ సింగిల్ సిలిండర్ ఇంజిన్. అది తీసేసి, జియో మెట్రో కారులోని ఒక లీటరు సుజుకి ఇంజిన్ కూర్చోబెట్టారు. మూడు సిలిండర్లు, మన మారుతి 800 ఇంజిన్‌కి అన్నలాంటిది. స్టార్ట్ చేయగానే కుట్టుమిషన్‌లా మెత్తగా తిరిగింది. నేను బానెట్ ఎత్తి ఇంజిన్ ఒక్కటే చూశాను. దాని వెనకా కిందా ఏముందో వంగి చూడలేదు. నేను దెబ్బతిన్నది అక్కడే.

రెండో శనివారమే టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటింది. దిగి చూస్తే రేడియేటర్ ముఖమంతా గడ్డి పొట్టు దుప్పటిలా కప్పేసింది. కారు రోడ్డు మీద పోతుంటే ఎదురుగాలి తగులుతుంది. నడక వేగంతో గడ్డిలో తిరిగే బండికి ఆ గాలి ఎక్కడిది? ముందు సన్న జాలీ, పెద్ద ఫ్యాన్ ఉండాలి. ఆ రెండూ లేవు. ఈ ఇంజిన్ హెడ్ అల్యూమినియం, ఒకసారి బాగా వేడెక్కితే వంగిపోతుంది.

అంతకంటే భయపెట్టింది వేరే ఉంది. గుంటూరు నుంచి వచ్చిన మా మామగారు వరండాలో కూర్చుని చూస్తున్నారు. ముప్పై ఏళ్లు ట్రాక్టర్ నడిపిన మనిషి. కాసేపు చూసి, చెయ్యి ఊపి ఆపమన్నారు. "ఏం బాబూ, గడ్డి పలచబడితే చాలు బండి అరుస్తోంది. గవర్నర్ లేదా దీనికి?" అన్నారు. లేదు. కారులో యాక్సిలరేటర్ మన కాలి కింద ఉంటుంది, బరువు తగ్గితే కాలు తీస్తాం. ట్రాక్టర్‌లో ఆ పని గవర్నర్ చేయాలి, ఇంజిన్‌ని 3,600 ఆర్పీఎం (నిమిషానికి చుట్లు) దాటనివ్వకూడదు. ఇందులో ఒక కేబుల్ లాగి కట్టేశారు, అంతే. మర్నాడు ఇంజిన్ చుట్లు లెక్కపెట్టే టాకోమీటర్ తెచ్చి తగిలిస్తే, గడ్డి లేని చోట 5,000 దాటుతోంది.

దీని అర్థం ఏమిటో చెప్తాను. ఇక్కడి ప్రమాణాల ప్రకారం మోవర్ బ్లేడు కొస వేగం నిమిషానికి 19,000 అడుగులు మించకూడదు. అంటే గంటకు దాదాపు 347 కిలోమీటర్లు. ఇంజిన్ 3,600 బదులు 5,000 తిరిగితే బ్లేడు కూడా 39 శాతం ఎక్కువ వేగంతో తిరుగుతుంది, దాన్ని బయటికి లాగే బలం దాదాపు రెండింతలవుతుంది. అప్పుడు బ్లేడు విరిగినా, రాయి తగిలినా ఏమవుతుందో ఊహించుకోండి. ఆ శనివారం మా పాప అదే పెరట్లో ఉయ్యాల ఊగుతోంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పక్క ఊళ్లో ట్రాక్టర్లు బాగుచేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్తే మిగతాది బయటపడింది. ఇంజిన్ కింద వేసిన ప్లేటు వెల్డింగ్ దగ్గర వెంట్రుకంత పగులు, దాని మీద కొత్త పెయింట్. డ్రైవ్ షాఫ్ట్‌లో పిన్ను దూర్చే రంధ్రం గుండ్రంగా ఉండాల్సింది కోడిగుడ్డు ఆకారానికి అరిగిపోయింది. పాత ఇంజిన్‌తో పోలిస్తే టార్క్, అంటే తిప్పే బలం, మూడింతలు, మోసేది మాత్రం అదే పాత షాఫ్ట్, అవే గేర్లు. "చక్రాలు జారుతున్నంత కాలం గేర్లు బతుకుతాయి, పట్టు కోసం నువ్వు బరువులు కట్టిన రోజు పోతాయి" అన్నాడాయన. బ్రేకు కూడా పాతదే, నెమ్మదిగా నడిచే బండికి వేసింది.

అమ్మినతనికి ఫోన్ చేశాను. కాగితం మీద "ఉన్నది ఉన్నట్టుగా" అని రాసి సంతకం పెట్టించుకున్నాడు కాబట్టి ఒక్క డాలరు కూడా వెనక్కి రాదన్నాడు.

పెద్ద ఇంజిన్ వేయడమే తప్పని నేను అనను. ఇదే ఒహాయోలో బౌలింగ్ గ్రీన్ ఊళ్లో జరిగే ట్రాక్టర్ పుల్లింగ్ (బరువు లాగే) పోటీల్లో ఎంతెంత ఇంజిన్లు పెడతారో చూసే ఉంటారు. కానీ వాటికి ఇంజిన్‌ని తక్షణం ఆపేసే కిల్ స్విచ్ తప్పనిసరి. లాన్ మోవర్ రేసుల్లోనైతే బ్లేడ్లు తీసేశాకే బండిని ట్రాక్ మీదికి రానిస్తారు. ఇంట్లో పిల్లలు తిరిగే చోట గడ్డి కోసే బండి వేరు.

అయినా కొనాలనుకుంటే బ్లేడ్లు తిప్పించి, టాకోమీటర్ పెట్టి చూడండి. ఇంజిన్ పాత ఇంజిన్ తిరిగిన వైపే తిరుగుతోందో లేదో అడగండి. తేడా ఉంటే గేర్లు తలకిందులై ముందుకు ఒక్క గేరు, వెనక్కి మూడు గేర్లు మిగులుతాయి, బ్లేడ్లూ ఎదురు తిరుగుతాయి. ముందు చక్రాల పైభాగం లోపలికి వాలి ఉంటే ఇరుసు బరువు ఆపలేకపోతోందని అర్థం. టార్చిలైటు తీసుకెళ్లి కింద పడుకుని వెల్డింగులు చూడండి, కొత్త పెయింట్ ఉన్నచోట మరీ. అరగంట నడిపి చూస్తానంటే అమ్మేవాడు ఒప్పుకోకపోతే తిరిగి వచ్చేయండి.

కొలంబస్ నుంచి రెండు గంటల దూరంలో ఎవరైనా ఇలాంటి బండి చూడటానికి వెళ్తుంటే నాకు మెసేజ్ పెట్టండి. టాకోమీటర్ నా దగ్గరే ఉంది, తోడు వస్తాను.