వీల్ అలైన్‌మెంట్‌కి పైసలిస్తే దక్కేదేంటి: హైదరాబాద్ షాపుల పనితీరు మీద ఒక లెక్క

వానాకాలం వెళ్లేసరికి నగరంలో టైర్ షాపుల ముందు కార్లు బారులు తీరతాయి. నీళ్లు నిండిన గుంత లోతు తెలియక దిగబడ్డవి కొన్ని, పైపుల కోసం తవ్వి సగం పూడ్చిన రోడ్డు మీద ఎగిరిపడ్డవి కొన్ని, రంగు వెయ్యని స్పీడ్ బ్రేకర్‌ని చీకట్లో అరవై మీద ఎక్కినవి కొన్ని. అందరి నోటా ఒకటే మాట: "బండి ఎడమకి లాగుతోంది, అలైన్‌మెంట్ చూడన్నా."

చిన్న కారుకి మామూలు టైర్ షాపులో సుమారు 300 నుంచి 500 రూపాయలు అడుగుతారు. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో కొంచెం ఎక్కువ. పెద్ద ఎస్‌యూవీకి 600 నుంచి 1000 దాకా పోతుంది. బిల్లు రాయిస్తే 18 శాతం జీఎస్టీ అదనం. షాపుకీ షాపుకీ ధరలో వచ్చే తేడా ఒక బిర్యానీ ఖరీదుకి మించదు. పనిలో తేడా మాత్రం టైర్ల సెట్టు ఖరీదంత ఉంటుంది.

ఆ డబ్బుకి కొనేది నిజానికి ఒకే ఒక్క కోణం. చక్రానికి మూడు కోణాలు చూస్తారు. పైనుంచి చూసినప్పుడు ముందు చక్రాల మొనలు లోపలికి తిరిగాయా బయటికి తిరిగాయా అన్నది టో. ఎదురుగా నిలబడి చూస్తే చక్రం నిటారుగా ఉందా, పక్కకి వాలిందా అన్నది కాంబర్. స్టీరింగ్ తిరిగే ఇరుసు వెనక్కి ఎంత ఒరిగింది అన్నది కాస్టర్. మలుపు దాటాక స్టీరింగ్ దానంతటది మధ్యకి వచ్చేది దీని పుణ్యమే. స్విఫ్ట్, వ్యాగనార్, ఐ20, టియాగో లాంటి కార్లలో ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసిన నిలువు కాలు), వెనక టోర్షన్ బీమ్ (రెండు చక్రాలనీ కలిపే అడ్డ దూలం) ఉంటాయి. వీటిలో కంపెనీ మన చేతికి వదిలింది ముందు చక్రాల టో ఒక్కటే. మిగతావి మిషన్ కొలిచి చూపిస్తుంది, అంతే. ఇన్నోవా క్రిస్టా, ఫార్చునర్ లాంటి వాటికి ముందు ఆర్మ్‌ల దగ్గర క్యామ్ బోల్టులు (తిప్పితే ఆర్మ్‌ని కాస్త జరిపేవి) ఉంటాయి కాబట్టి కాంబర్, కాస్టర్ కూడా సర్దవచ్చు. వెనక మల్టీలింక్ (ఒక్కో చక్రాన్ని విడిగా కొన్ని కడ్డీలు పట్టుకునే అమరిక) ఉన్న కార్లకి చాలావాటిలో వెనక టో కూడా సర్దాలి. వాటికి ఎక్కువ అడిగితే న్యాయమే. వ్యాగనార్‌కి "నాలుగు చక్రాల సెట్టింగ్" అని రెండింతలు అడిగితే మాత్రం "వెనక ఏ నట్టు తిప్పుతారు, చూపించండి" అనండి.

ఒక్క కోణమే కదా అని తీసిపారేయడానికి లేదు. ఒక చక్రం టో 10 నిమిషాల కోణం, అంటే డిగ్రీలో ఆరో వంతు, తప్పినా అది కిలోమీటరుకి దాదాపు 3 మీటర్లు అడ్డంగా రాసుకుంటూ పోతుంది. నగరం ఈ చివర ఎల్బీనగర్ నుంచి ఆ చివర మియాపూర్‌కి రోజూ వెళ్లొచ్చే బండి టైరు గతి ఊహించుకోండి. టైరు మీద అరచేతిని ఒకసారి లోపలి నుంచి బయటికి, ఒకసారి బయటి నుంచి లోపలికి నిమరండి. ఒక దిక్కుకి నిమిరితే నున్నగా, ఇంకో దిక్కుకి నిమిరితే రంపం పళ్లలా గీరుకుంటే అది టో చేసిన పనే. లోపలి అంచు ఒక్కటే అరిగితే టో బయటికి తిరిగి ఉండాలి, లేదా కాంబర్ లోపలికి వాలి ఉండాలి. రెండు అంచులూ అరిగి నడుమ మిగిలితే గాలి తక్కువ. నడుమ మాత్రమే అరిగితే గాలి ఎక్కువ. ఈ చివరి రెండింటికీ అలైన్‌మెంట్ షాపుతో పనిలేదు.

రాంప్ ఎక్కే ముందు

బండి రాగానే నేరుగా రాంప్ ఎక్కించేస్తే అక్కడే అనుమానించాలి. ముందు చూడాల్సింది గాలి. డ్రైవర్ తలుపు తెరిస్తే పిల్లర్ మీద స్టిక్కర్ ఉంటుంది; చాలా చిన్న కార్లకి 30 నుంచి 35 పీఎస్ఐ మధ్య రాసి ఉంటుంది. ఒక టైరులో 26, పక్క టైరులో 34 ఉంటే బండి పక్కకి లాగడానికి అదే చాలు. డిక్కీలో సిమెంటు బస్తాలో పెళ్లి సామానో ఉంటే దించేయాలి; వెనక దిగిపోయిన బండిలో ముందు కోణాలు మారిపోతాయి.

తర్వాత చక్రాన్ని గాల్లోకి లేపి ఊపి చూడాలి. గడియారంలో 3, 9 ఉండే చోట పట్టుకుని ఊపినప్పుడు టక్కుమంటే టై రాడ్ ఎండ్ (స్టీరింగ్ నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ చివరి కీలు) పోయినట్టు. 12, 6 దగ్గర ఊగితే బాల్ జాయింటో వీల్ బేరింగో. చక్రాన్ని కింద నుంచి పట్టుకునే లోయర్ ఆర్మ్ బుష్ రబ్బరు పగిలి ఉంటే బ్రేకు తొక్కినప్పుడల్లా బండి ముక్కు పక్కకి జరుగుతుంది. ఇవి లూజుగా ఉండగా అలైన్‌మెంట్ చేయడమంటే ఊగే తక్కెడలో బంగారం తూచడమే. మంచి షాపువాడు ఈ దశలోనే "ఎండ్ మార్చి రండి సార్, ఇప్పుడు చేసినా ఆగదు" అని పంపేస్తాడు. ఆ మాట విని చిన్నబుచ్చుకోకండి. ముందు పార్టు, తర్వాత అలైన్‌మెంట్. వరస తిరగబడితే డబ్బు రెండుసార్లు కట్టాలి, ఎందుకంటే టై రాడ్ ఎండ్ మార్చగానే టో మళ్లీ తప్పుతుంది. పార్టు ఆటో పార్టుల బజారైన రాణిగంజ్‌లో కొనుక్కొచ్చినా, షోరూమ్‌లో కొన్నా ఇది మారదు.

మిషన్ కంటే మనిషి

"3డి" అని బోర్డు లేని షాపు ఇప్పుడు కనబడటం కష్టం. చక్రాలకి అద్దాల్లాంటి టార్గెట్లు తగిలిస్తే ఎదురుగా ఉన్న కెమెరాలు చూసి కోణాలు లెక్కగట్టే పద్ధతి అది. చక్రాలకే సెన్సర్లు బిగించే సీసీడీ మిషన్లు పాతవే అయినా, కాలిబ్రేషన్ (మిషన్ కొలతని సరిచూసి పెట్టడం) సరిగా ఉంటే టోని బాగానే కొలుస్తాయి. కొలిచేది మిషన్, సర్దేది రాంప్ కింద స్పానర్ పట్టుకున్న కుర్రాడు. చూడాల్సింది అతని చేతుల్ని.

ముందు చక్రాలు గుండ్రటి టర్న్ ప్లేట్ల మీద నిలబడాలి. బండి ఎక్కాక వాటి పిన్నులు తీయాలి. పిన్నులు తీయడం మరిచిపోతే చక్రం బిగదీసుకుని ఉంటుంది, కొలత అబద్ధం చెబుతుంది. టార్గెట్లు తగిలించాక బండిని ఒక జానెడో మూరెడో వెనక్కి తోసి ముందుకు తెస్తారు. రిమ్ కాస్త వంకర ఉన్నా ఆ తప్పు లెక్కలోకి రాకుండా చేసే పని ఇది. దీన్ని ఎగరగొట్టే షాపులో ఇక కూర్చోనక్కర్లేదు. తెర మీద మీ కారు మోడల్, సంవత్సరం ఎంచుకున్నారో లేదో తొంగి చూడండి. హద్దుల్లో ఉన్న అంకె తెర మీద పచ్చగా, దాటింది ఎర్రగా కనబడుతుంది. పక్క మోడల్ పెట్టి చేసేస్తే అంకెలన్నీ పచ్చగానే వస్తాయి, కానీ అవి ఇంకో బండివి. ఆ తర్వాత బ్రేకు పెడల్‌కి కర్ర బిగించి, స్టీరింగ్‌ని అటూ ఇటూ తిప్పించి కాస్టర్ కొలుస్తారు. చివరికి స్టీరింగ్‌ని నిటారుగా పెట్టి స్టాండుతో బిగించాలి.

ఈ స్టాండు చిన్న వస్తువే కానీ మోసమంతా దాని చుట్టూనే. రెండు చక్రాల టో మొత్తం సరిగ్గానే ఉండి, ఎడమ కుడి పంపకం తేడాగా ఉందనుకోండి. టైర్లు అరగవు, స్టీరింగ్ మాత్రం వంకరగా నిలబడుతుంది. దాన్ని సరిచేయాలంటే రెండు టై రాడ్‌లూ తిప్పాలి. బద్ధకస్తుడు ఒక్కటే తిప్పి, స్టీరింగ్‌ని కాస్త కదిపి రెండు అంకెలూ సమానం చేసి ప్రింటు తీస్తాడు. కాగితం మీద అంతా పచ్చ. రోడ్డెక్కితే స్టీరింగ్ 11 గంటల వైపు చూస్తుంది. స్టీరింగ్ చక్రాన్నే ఊడదీసి నేరుగా బిగిస్తానంటే ఒప్పుకోవద్దు. ఈఎస్‌పీ (మలుపులో బండి జారకుండా చూసే వ్యవస్థ) ఉన్న బండ్లలో స్టీరింగ్ యాంగిల్ సెన్సర్ ఉంటుంది, దాని లెక్క తప్పితే డ్యాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలుగుతుంది. ఏడాస్ (కెమెరాలతో రోడ్డుని చూసి డ్రైవర్‌కి సాయపడే వ్యవస్థ) ఉన్న కార్లకైతే అలైన్‌మెంట్ తర్వాత కెమెరా కాలిబ్రేషన్ కావాలో లేదో మాన్యువల్‌లో చూసుకుని, అవసరమైతే కంపెనీ సర్వీస్ సెంటర్‌కే వెళ్లడం మేలు.

టై రాడ్ తిప్పే ముందు లాక్ నట్టు వదులు చేసి, స్టీరింగ్ ర్యాక్ చివర దుమ్ము పోకుండా ఉండే రబ్బరు బూటు క్లిప్పు కూడా జరపాలి. క్లిప్పు ముట్టుకోకుండా తిప్పితే రబ్బరు బూటు తువ్వాలు పిండినట్టు మెలిపడి కొన్నాళ్లకి చిరుగుతుంది. లోపలికి బురదనీళ్లు పోయాయంటే స్టీరింగ్ ర్యాక్‌కే ముప్పు, అది వేలల్లో తేలుతుంది. లాక్ నట్టు మళ్లీ బిగించాక అంకె కొద్దిగా జరుగుతుంది. కాబట్టి ప్రింటు బిగించిన తర్వాతే తీయాలి.

"కాంబర్ అవుటుంది సార్"

ఇక్కడే జేబు జాగ్రత్త. తెర మీద ఒక ఎర్ర గడి చూపించి, "కాంబర్ కొట్టియ్యాలె సార్, లేకపోతే టైర్ తింటది" అంటారు. మాటలో కొంత నిజం ఉంది. ఎడమ, కుడి కాంబర్‌ల మధ్య తేడా అర డిగ్రీ దాటితే బండి లాగడం, టైరు అంచు అరగడం జరిగేదే. అయితే ఆ అర డిగ్రీ ఎక్కణ్నుంచి వచ్చింది? గుంత దెబ్బకి స్ట్రట్టో, చక్రాన్ని మోసే నకిలో, లోయర్ ఆర్మో వంగి ఉండాలి. వీటిని బిగించే సబ్‌ఫ్రేమ్ జరిగి ఉండాలి. లేదా స్ట్రట్ మౌంట్ రబ్బరు కుంగి ఉండాలి. చాలాచోట్ల చేసే మందు ఏంటంటే, హైడ్రాలిక్ జాకీతో స్ట్రట్‌నో నకిల్‌నో ఎదురు వంచి అంకెని పచ్చగడిలోకి తేవడం. దానికి అలైన్‌మెంట్‌కి ఇచ్చినదానికంటే ఎక్కువే వసూలు చేస్తారు. ఒకసారి వంగిన లోహాన్ని మళ్లీ వంచితే బలం తగ్గుతుంది, స్ట్రట్ లోపలి రాడ్ వంగితే ఆయిలు సీలు పోతుంది. అది కూడా మనం ప్రాణాలు పెట్టి నడిపే చోట.

సరైన దారి వేరే ఉంది. స్ట్రట్‌ని నకిల్‌కి కలిపే రెండు బోల్టులు వదులు చేసి, ఆ రంధ్రాల్లో ఉన్న సందు మేరకు చక్రాన్ని తోసి బిగిస్తే కొంత వస్తుంది. చాలకపోతే సన్నటి నడుమున్న కాంబర్ బోల్టులు వేయవచ్చు. అప్పటికీ రాకపోతే వంగిన పార్టు మార్చడమే. "జాకీ పెట్టొద్దు, ఏ పార్టు వంగిందో చెప్పండి" అని అడిగి చూడండి. జవాబు చెప్పగలిగితే ఆ షాపు మంచిది. కాంబర్ కంపెనీ ఇచ్చిన హద్దుల్లోనే ఉండి, రెండు వైపులా దాదాపు సమానంగా ఉంటే అసలు ఏమీ చేయనక్కర్లేదు.

ప్రింటు తప్పకుండా తీసుకోండి, పనికి ముందుదీ తర్వాతదీ రెండూ. చదివేటప్పుడు ఒక చిక్కు ఉంది: కొన్ని మిషన్లు డిగ్రీలు, నిమిషాల్లో రాస్తాయి, కొన్ని దశాంశాల్లో. 0°10' అంటే 0.10 కాదు, 0.17. పాత ప్రింటుతో పోల్చేటప్పుడు ఇది చూసుకోకపోతే లేని తప్పు కనబడుతుంది. ప్రింటర్ పనిచేయడం లేదంటే తెరని ఫోన్‌తో ఫొటో తీసుకోండి.

బ్యాలెన్సింగ్, అంటే చక్రం చుట్టూ బరువు సమానంగా ఉండేలా చిన్న వెయిట్లు పెట్టడం, వేరే పని, వేరే బిల్లు. స్టీరింగ్ 80, 100 మధ్య వణికితే ముందు చక్రాల తూకం, సీటు వణికితే వెనకవి చూడాలి. ఊళ్లో తిరిగే వేగానికి తెలియదు, గరిష్ఠ వేగం 120 ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కగానే బయటపడుతుంది. చక్రానికి ఇంత అని కూలీ, పైన వెయిట్లకి గ్రాముల లెక్క ఉంటుంది. పాత వెయిట్లన్నీ పీకేశాకే మిషన్ తిప్పాలి. అల్లాయ్‌లకి లోపలివైపు అంటించే రకమే వాడాలి. ఒక చక్రానికి 60 గ్రాములు దాటి అడుగుతోందంటే వెయిట్లు పేర్చుకుంటూ పోకుండా రిమ్ వంగిందేమో చూడమనండి, టైర్‌ని రిమ్ మీద సగం చుట్టు తిప్పి మళ్లీ తూచమనండి. నైట్రోజన్, టైర్ పాలిష్ బిల్లులో కలిపితే కొట్టేయించండి.

పని అయ్యాక షాపు ముందున్న రోడ్డు మీద ఒక్క చుట్టు తిప్పి తీర్పు చెప్పొద్దు. నీళ్లు పోవడానికి మన రోడ్లు ఎడమ అంచుకి వాలి ఉంటాయి కాబట్టి, స్టీరింగ్ వదిలేస్తే ఏ బండైనా నెమ్మదిగా ఎడమకే జారుతుంది. డివైడర్ పక్క లేన్‌లోనూ ఒకసారి చూడాలి. రెండు చోట్లా గట్టిగా ఒకే వైపు లాగితే ముందు టైర్లు ఎడమది కుడికి, కుడిది ఎడమకి మార్చించండి. లాగే దిక్కు మారితే తప్పు టైరుది, అలైన్‌మెంట్‌ది కాదు. పక్కన బాణం గుర్తున్న టైర్లని మాత్రం అలా మార్చకూడదు, అదే వైపు ముందువి వెనక్కి వేసి చూడాలి. ఒక చక్రం రిమ్ మిగతా వాటికంటే బాగా కాలుతుంటే బ్రేకు పట్టేసి ఉంటుంది.

మొత్తానికి ఎక్కడికి వెళ్లాలి? కంపెనీ సర్వీస్ సెంటర్‌లో సరైన డేటా, సెన్సర్ రీసెట్ దొరుకుతాయి. రాంప్ దగ్గరికి మనల్ని రానివ్వరు, అదే లోటు. పెద్ద టైర్ కంపెనీల షోరూముల్లో మిషన్లు బాగుంటాయి, టైర్లు అమ్మాలన్న తొందరా అలాగే ఉంటుంది. ఆటోనగర్ లాంటి చోట చిన్న షాపులో తలపండిన మేస్త్రీ దొరికితే ఆ ఇద్దరి కంటే నయం, పక్కన నిలబడి చూడనిస్తాడు కూడా. ఎక్కడైనా సరే పనికి అరగంట నుంచి ముప్పావుగంట పట్టాలి. పది నిమిషాల్లో తాళం చేతిలో పెట్టారంటే టై రాడ్ ముట్టుకోలేదన్నమాట. ఆదివారం పొద్దున రద్దీలో వెళ్లకండి, వారం మధ్యలో మధ్యాహ్నం అయితే కుర్రాడికి తీరిక ఉంటుంది.

చక్రాలు ఊడదీసి ఉంటే నట్లు గన్‌తో ఎడాపెడా బిగించనివ్వద్దు. చేత్తో ఎక్కించి, నక్షత్రం ఆకారంలో ఒకదానికి ఎదురుగా ఒకటి, చివరికి టార్క్ రెంచ్‌తో. చిన్న కార్లకి సుమారు 100 న్యూటన్ మీటర్లు, కచ్చితమైన అంకె మాన్యువల్‌లో ఉంటుంది. ఓ వంద కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి బిగుతు చూసుకోండి. స్టీరింగ్ వంకర కనిపిస్తే వారం లోపే ప్రింటు పట్టుకుని అదే షాపుకి వెళ్లండి, చాలామంది రెండోసారికి డబ్బు అడగరు.