తొమ్మిదేళ్ల కుక్కర్: విజిల్స్ లెక్కపెట్టడం మానేశాక

ఐదు లీటర్ల స్టీల్ ప్రెషర్ కుక్కర్, మూత లోపలి నుంచి బిగుసుకునే రకం. కొని తొమ్మిదేళ్లు దాటింది, ఇంట్లో లేని రోజులు తప్ప దాదాపు రోజూ పొయ్యి ఎక్కుతూనే ఉంది.

ముందు నచ్చింది చెప్తాను. నానబెట్టిన శనగలు మామూలు గిన్నెలో ఎంతసేపు ఉడికినా మధ్యలో ఒకటి రెండు గట్టిగా తగులుతాయి. ఇందులో ఇరవై నిమిషాలు ఉంచితే చాలు, రెండు వేళ్ల మధ్య పెట్టి నొక్కగానే తొక్క జారిపోయి లోపల వెన్నలా నలిగిపోతుంది. నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి, మంట ఎంత పెంచినా ఆ వేడి అక్కడే ఆగుతుంది. అదే ఆవిరిని బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచితే దాదాపు 120 దాకా వెళ్తుంది. అంతా ఆ ఇరవై డిగ్రీల మహిమే. డెనీ పాపన్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త 1679లోనే ఇలాంటి పాత్ర చేశాడని, సేఫ్టీ వాల్వ్ కూడా ఆయన ఆలోచనేనని తెలిశాక నాకు ఆయన మీద చాలా గౌరవం కలిగింది. ఎందుకంటే ఆ వాల్వ్ మా వంటింట్లో ఒకసారి పని చేసింది.

కొన్న మూడో నెల. పప్పు సగానికి పైగా పోసేశాను. ఎంతసేపైనా విజిల్ రాలేదు, మంట సరిపోవట్లేదేమో అనుకుని ఇంకా పెంచాను. ఒక్కసారిగా బుస్సుమని వాల్వ్ ఊడిపోయి, పప్పు నురగ పైకప్పుదాకా చిమ్మింది. పక్క గదిలో ఉన్నాను కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు, కానీ చేతులు వణకడం ఆగడానికి చాలాసేపు పట్టింది. చల్లారాక విజిల్ వేసే వెయిట్ తీసి చూస్తే దాని కింది గొట్టంలో పప్పు తొక్క ఒకటి బిరడాలా ఇరుక్కుని ఉంది. అప్పటినుంచి మూత పెట్టే ముందు వెలుతురుకి ఎత్తి, ఆ రంధ్రంలోంచి అవతలికి కనిపిస్తేనే పెడుతున్నాను. పప్పు అయితే నీళ్లతో కలిపి సగానికి మించనివ్వను, చెంచా నూనె వేస్తాను, నురగ తగ్గుతుంది.

ఇక విజిల్స్ సంగతి. వంట చెప్పేవాళ్లంతా నాలుగు విజిల్స్, ఐదు విజిల్స్ అంటారు, నేనూ ఏళ్ల తరబడి అలాగే లెక్కపెట్టాను, ఒకరోజు పలుకు, ఒకరోజు ముద్ద. మంట పెద్దగా ఉంటే విజిల్స్ వెంటవెంటనే వచ్చేస్తాయి, సిమ్‌లో ఉంటే ఎప్పటికోగాని రావు, మరి ఆ లెక్కకి అర్థమేముంది? లోపల ఒత్తిడి నిండాక ఎక్కువైన ఆవిరిని వదిలేయడమే విజిల్ అంటే. మంట పెంచితే వేడి పెరగదు, నీళ్లు మాత్రం వృథాగా పోతాయి. ఇప్పుడు మొదటి విజిల్ రాగానే సిమ్ చేసి గడియారం చూసుకుంటున్నాను. ఈ ఒక్క మార్పుతో అడుగంటడం దాదాపు ఆగిపోయింది, గ్యాస్ కూడా మిగులుతోంది.

గాస్కెట్లు ఇప్పటికి చాలానే మార్చాను. పక్కల నుంచి ఆవిరి కారుతూ హ్యాండిల్ మీద నీటి చుక్కలు కనబడితే దాని పని అయిపోయినట్టే. చల్లటి నీళ్లలో ముంచి ఇంకో రెండు రోజులు నెట్టుకురావచ్చు గానీ, వంచి చూస్తే సన్నటి పగుళ్లు కనిపిస్తాయి, అలాంటిది వాడొద్దు.

నచ్చనివీ ఉన్నాయి. మధ్యలో మూత తీసి ఉప్పు చూసే వీలుండదు. ఆకుకూరలు ఇందులో పెట్టకండి, రంగు పోయి గుజ్జయిపోతాయి. తొందరపడి చెంచాతో వెయిట్ ఎత్తితే పులుసంతా పొయ్యి మీదే ఉంటుంది, ఆవిరి దానంతట అది పోయేదాకా ఆగాల్సిందే. హ్యాండిల్ స్క్రూలు ఆర్నెల్లకోసారి వదులవుతాయి, నిండు కుక్కర్ దించేటప్పుడు అది కదిలితే గుండె ఝల్లుమంటుంది. ఇద్దరే ఉంటే మూడు లీటర్లది చాలు. మేం నలుగురం, ఇది పోతే మళ్లీ ఇదే సైజు, స్టీల్‌దే తీసుకుంటాను.